హెల్మెట్‌కు తలంటు

ఏలూరు,
జూన్, తొలకరి పడిన మర్నాడు.

చిరంజీవి సౌభాగ్యవతి ప్రసన్నను ఆశీర్వదించి అత్తయ్య రత్నమాణిక్యం రాసే సంగతులు.

ఇక్కడ నేనూ పింకీ కులాసాగా ఉన్నాము. నా మోకాళ్లు తప్ప ఈ ఇంట్లో ఫిర్యాదు చేసేవాళ్లెవరూ లేరు. అక్కడ అస్సాంలో నువ్వూ, ఓడ మీద అబ్బాయీ క్షేమంగా ఉన్నారని తలుస్తాను.

ముందుగా ఒక పుకారును సరిచేయాలి. పింకీ గుర్రపుస్వారీ హెల్మెట్‌ను పోటీ దగ్గరపడిన సమయంలో నేను పొత్రంతో పగలగొట్టాననీ, ఆడపిల్ల గుర్రమెక్కటం గిట్టక ఆ పని చేశాననీ, పిల్ల ఏడుస్తున్నా కనికరించలేదనీ మన వీధిలో ఒక కథ నడుస్తోంది. అది పక్కింటి అచ్చమ్మగారి నోట బయలుదేరి, గుండుగొలనులో మీ పిన్నిగారి చెవిన పడి, అక్కడినుంచి మిలిటరీ ఆసుపత్రిలో డ్యూటీ చేసుకుంటున్న నీదాకా వచ్చిందని నీ ఉత్తరం చూశాక తెలిసింది. పొత్రంతో పగలగొట్టిన మాట నిజం. అంతకుముందు దాని పట్టీలను కత్తిపీట మీద కోసిన మాట కూడా నిజం. అది అచ్చమ్మగారు చూడలేదు గనక కథలో చేరలేదు, నేనే చేరుస్తున్నాను. గిట్టక చేశానన్నది మాత్రం శుద్ధ అబద్ధం.

ఇదంతా ఫోనులో చెప్పవచ్చు కదా అనుకుంటావు. ఫోనులో అయితే నేను సగం చెప్పేసరికే నువ్వు అందుకుని ‘పోనీలెండి అత్తయ్యా’ అంటావు. నీ మంచితనం అడ్డం రాకుండా నేను మొత్తం చెప్పుకోవాలి. అందుకే కాగితం తీశాను.

నీ ప్రశ్నలకు ముందు జవాబులు. బీపీ బిళ్లలు తప్పకుండా వేసుకుంటున్నాను. కర్ర పట్టుకుని నడవమని డాక్టరు చెప్పిన మాట నీకెవరో చేరవేశారు. గొడుగు పట్టుకుని నడుస్తున్నాను, చేసే పని అదే, చూసేవాళ్లకు తేడా. పెదపాడు పొలం ఈ ఏడు కూడా బాలస్వామికే కౌలుకిచ్చాను. దాన్ని చేపల చెరువు చేసుకుంటామని కైకలూరు నుంచి ఎవరో కారేసుకుని వచ్చారు, మజ్జిగ ఇచ్చి పంపించాను. పింకీకి లెక్కల్లో తగ్గిన మార్కులు తొందరవల్ల తగ్గినవి, తెలియక కాదు. ఆవకాయ పార్సిల్ వేయించాను, అందిన వెంటనే జాడీలోకి మార్చుకో. ప్లాస్టిక్ డబ్బాలో ఉంచితే నేను ఊరుకోను.

ఇక నీ పెద్ద ప్రశ్న. ‘ఇంత రభసగా ఉంటే గుర్రం మాన్పించి, పింకీని విజయవాడ హాస్టల్లో వేసేద్దామా అత్తయ్యా? మీకూ శ్రమ తగ్గుతుంది’ అని అడిగావు. నువ్వు ఎంత మర్యాదగా అడిగినా, ఆ పిల్లను నా దగ్గర ఉంచవచ్చా లేదా అన్నదే అసలు ప్రశ్న అని నాకు తెలుసు. అడగవలసిందే. తల్లివి. దానికి జవాబు చివర రాస్తాను. అంతకుముందు జరిగినది జరిగినట్లు విను.

పోయిన సెలవులో నువ్వు కొనిచ్చిన ఆ నల్లని హెల్మెట్ అంటే పింకీకి ఎంత ప్రాణమో నీకు తెలుసు. స్వారీ ఉన్న రోజున తెల్లవారుజాము పాసింజరులో ఇద్దరం తాడేపల్లిగూడెం వెళ్లేవాళ్లం. యుద్ధకాలంలో విమానాల కోసం వేసిన పాత రన్‌వే పక్కనున్న ఖాళీ జాగాలో ఆసిఫ్ స్వారీ నేర్పుతాడు. ముహూర్తాలున్న రోజుల్లో అతని గుర్రాలు పెళ్లికొడుకులను మోస్తాయి, మిగతా రోజుల్లో పిల్లలను మోస్తాయి. పింకీ ఎక్కేది మెహందీ అనే గోధుమరంగు ఆడగుర్రం. ఎక్కబోయే ముందు ఆ పిల్ల దాని మెడ మీద చెయ్యి వేసి చెవిలో ఏదో చెబుతుంది. ఏం చెబుతావే అంటే, ‘అది మా ఇద్దరి మధ్య మామ్మా’ అంటుంది. ఇంట్లో నోరు విప్పని పిల్ల గుర్రంతో మాట్లాడుతుంటే నేను సిమెంటు బెంచీ మీద కూర్చుని చూస్తూ ఉండేదాన్ని. మీ మామయ్యగారు పోయిన తరువాత నేను మనసారా చూసిన దృశ్యం అదేనేమో.

స్వారీ అయ్యేసరికి తిరుగు రైలు వేళ అయ్యేది. చెమటతో ముద్దయిన హెల్మెట్‌ను పాలిథిన్ సంచిలో చుట్టి, ఆ సంచిని స్కూలు బ్యాగులో కుక్కి పరుగెత్తేవాళ్లం. ఆ బ్యాగు సాయంత్రం దాకా తరగతి బెంచీ కింద ఉండేది. ఎండాకాలం వచ్చేసరికి దాని వాసన ఇంటికి ముందు వచ్చేది, పింకీ తరువాత వచ్చేది.

ఒక రోజు రైల్లో కొల్లేటి చేపలమ్మే ఆవిడ గంప దించుకుని మాకెదురుగా కూర్చుంది. కాసేపు ముక్కు ఎగబీల్చి అటూ ఇటూ చూసింది.

‘ఏవండీ, ఆ సంచిలో ఏముందండీ?’ అంది.

‘హెల్మెట్’ అన్నాను.

‘పాపం, ఎవరిదండీ? పోయినోళ్లదాండీ?’

‘నా మనవరాలిది. నిక్షేపంలా ఉంది. నీ ఎదురుగానే కూర్చుంది.’

‘అయితే కాస్త ఆ కిటికీకాడ పెట్టండమ్మగారూ. నా గంపకి అంటుకుందంటే బేరాలు పోతాయండీ. చేపలు చెడిపోయాయంటారండీ జనం.’

పెట్టె పెట్టంతా నవ్వింది. నేనూ నవ్వాను. పింకీ నవ్వలేదు. సంచిని తన పక్కకు లాక్కుని, ఏలూరు దాకా కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. ఆ వారం చివర భోజనాల దగ్గర ‘మామ్మా, నేను స్వారీ మానేస్తాను’ అంది. ఎందుకని అడిగాను. పెరుగన్నం కలుపుతూ చెప్పింది, స్వారీ దగ్గర వరుసలో నిలబడేటప్పుడు తన పక్కన ఎవరూ నిలబడటం లేదట. విజయవాడ పోటీకి పేరు ఇచ్చేసిన పిల్ల, ఆ పోటీ కోసం నిద్రలో కూడా కళ్లెం పట్టుకున్నట్లు వేళ్లు ముడిచే పిల్ల, ఒక వాసన పెట్టిన సిగ్గుకు మానేస్తానంటోంది.

కాలేజీలో ఆడపిల్లలకు రసాయనశాస్త్రం చెప్పి రిటైరైన మనిషిని నేను. నా ఇంట్లో ఒక వాసన నా మనవరాలిని ఓడించటమేమిటని నాకు పౌరుషం వచ్చింది. ఆసిఫ్‌ను అడిగాను.

‘చెమటేనండి మేడమ్ గారూ. అందరివీ కంపు కొడతాయండి. ఏమీ అనుకోనంటే ఓ మాటండి, పింకమ్మది కొట్టినంత ఏదీ కొట్టదండి. మా మెహందీయే మొహం తిప్పేసుకుంటందండి’ అన్నాడు.

అందరిదీ చెమటే అయినప్పుడు మన పిల్లది మాత్రం ఎందుకు వేరుగా ఉంది? ఇంటికి వచ్చి హెల్మెట్ లోపల అంటించి ఉన్న మెత్తటి గుడ్డను ఊడదీసి వేళ్ల మధ్య రుద్ది చూశాను. జిగురుగా ఉంది. చెమట ఆరితే ఉప్పు తేలుతుంది గాని జిగురు తేలదు. అది నూనె, అమ్మా. నా నూనె. స్వారీకి వెళ్లే ప్రతి తెల్లవారుజామునా, ఎండ తలకు దిగకూడదని, ఆ పిల్ల మాడు నిండా కొబ్బరినూనె దట్టించి, జడ బిగించి అల్లిగాని గడప దాటనిచ్చేదాన్ని కాను. ఆ నూనెంతా ఆ గుడ్డలో ఇంకి, చెమటతో కలిసి, గాలి ఆడని సంచిలో ఊరి, నెలల తరబడి చెడిపోతూ వచ్చింది. కంపు గుర్రానిది కాదు, పిల్లదీ కాదు, మామ్మగారి ప్రేమది.

పింకీకి ఈ సంగతి చెప్పాను. ‘నాకెప్పుడో అనుమానం వచ్చింది మామ్మా’ అంది.

‘మరి చెప్పలేదేం?’

‘నూనె రాసేటప్పుడే కదా నువ్వు నీ కాలేజీ కబుర్లు చెప్తావు. వద్దంటే మానేస్తావేమోనని.’

తలకు నూనె లేకపోయినా కబుర్లు ఉంటాయని మాట ఇచ్చాను.

నూనె పట్టిన తలకు మన ఇళ్లలో ఏం చేస్తామో ఆ హెల్మెట్‌కూ అదే చేయాలని నిశ్చయించాను. బట్టల సోడా గుడ్డను కొరికేస్తుంది, ఘాటైన సబ్బుపొడి లోపల మిగిలి తరువాత నుదుటిని కొరుకుతుంది. కుంకుడు రసం నూనెను తీస్తుంది గాని చర్మాన్ని ఏమీ అనదు. కాయలు కొట్టి, గింజలు తీసి, గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి, పిసికి, నలకలు రాకుండా పాత పంచె గుడ్డతో వడగట్టాను. పోటీ ఆదివారం, ఈ తలంటు బుధవారం పొద్దున. ఊడదీసిన గుడ్డను ఆ రసంలో ముంచి, బట్టను పిండినట్లు మెలితిప్పకుండా, అరచేతుల మధ్య నొక్కుతూ వదిలాను. మొదటి నీళ్లు బురద రంగులో వచ్చాయి. నురగ పోయేదాకా నీళ్లు మార్చాను. గడ్డం కింది పట్టీలను పాత పళ్లబ్రష్షుతో తోమాను. పైచిప్పను మాత్రం నీళ్లలో ముంచలేదు. తడిగుడ్డతో తుడిచి, లోపల వంటసోడా చల్లి కొంతసేపు ఉంచి దులిపేశాను. దానికి అంటుకున్న వాసన ఆ సోడాతో పోయింది. మధ్యాహ్నానికి ముక్కు దగ్గర పెట్టుకుని చూస్తే ఏ వాసనా లేదు. ప్రాక్టికల్ పరీక్షలో నూటికి నూరు వచ్చిన పిల్లలా గెంతాలనిపించింది, మోకాళ్లు ఒప్పుకోలేదు.

ఆ రోజు తూర్పుగాలి. కొల్లేటి మీదుగా వచ్చే గాలి ఎలా ఉంటుందో నీకు తెలుసు, ఆరేసిన బట్టకు ఇంకొంచెం తడి ఇచ్చి పోతుంది. సాయంత్రమైనా గుడ్డ చెమ్మగానే ఉంది. మర్నాడు సాధన ఉంది. తలంటి పోసుకున్న పిల్ల జుట్టు ఆరకపోతే ఏం చేస్తాం? కుంపట్లో నిప్పులు వేసి, సాంబ్రాణి చల్లి, పైన వెదురుబుట్ట బోర్లించి, దాని మీద జుట్టు పరుస్తాం. నీకూ బాలింతగా ఉన్నప్పుడు అలాగే వేశాను. గుడ్డను తిరిగి హెల్మెట్‌లో అంటించి, ఆ బుట్ట మీద హెల్మెట్ బోర్లించాను. ఇల్లంతా సాంబ్రాణి కమ్ముకుంది. పింకీ లోపలికి వచ్చి ముక్కు పైకెత్తి, ‘అబ్బ, మామ్మా!’ అంది. ఆ ఒక్క మాటకు నా కష్టమంతా తీరిపోయింది.

మర్నాడు గురువారం. రన్‌వే దగ్గర ఆసిఫ్ కూతురు మహీన్ పింకీ పక్కన వచ్చి నిలబడి వాసన చూసింది. ‘ఏంటే, స్వారీకొచ్చావా, నోము నోచుకోడానికొచ్చావా?’ అంది. పింకీ పగలబడి నవ్వింది. ఎన్నో వారాల తరువాత ఆ నవ్వు. ఇద్దరూ భుజాలు రాసుకుంటూ వరుసలో నిలబడ్డారు.

పింకీ మెహందీ మీద రెండో చుట్టు తిరుగుతోంది. ఇంతలో ఎవరో కుర్రవాళ్లు రన్‌వే మీద మోటారుసైకిలు పేలుళ్లలాంటి శబ్దంతో తోలుకుంటూ పోయారు. మెహందీ బెదిరి పక్కకు గెంతింది. పింకీ కాలు రికాబులోంచి జారింది. ఒక వైపుకు ఒరిగి, గుర్రం మెడను కౌగిలించుకుని, ఎలా పైకి లాక్కుందో తెలియదు, తిరిగి జీను మీద కూర్చుంది. పిల్లలందరూ చప్పట్లు కొట్టారు. నేను గొడుగు బెంచీ మీదే వదిలేసి ఆ ఇసుకలోకి నడిచాను.

‘దిగు’ అన్నాను.

‘ఏమైంది మామ్మా? పడలేదుగా, చూశావుగా!’

‘దిగమన్నాను.’

‘పింకమ్మ బ్రహ్మాండంగా నిలబెట్టుకుందండి మేడమ్ గారూ. ఎందుకండి కోపం?’ అని ఆసిఫ్ పరుగెత్తుకొచ్చాడు. నేనెవరికీ బదులు చెప్పలేదు. పిల్లను అందరి ఎదుటా దింపి, హెల్మెట్ చేతిలోకి తీసుకుని, స్టేషను దారి పట్టాను. నేను గుర్రాలకు శత్రువునన్న కథకు మొదటి సాక్షులు ఆ పిల్లల తల్లిదండ్రులే. వాళ్లు చూసింది వాళ్లు చెప్పారు, వాళ్లను తప్పు పట్టలేను.

ఇంటికి వచ్చి పట్టీలు కోసి హెల్మెట్‌ను పెరటి అరుగు మీద పడేశాను. అచ్చమ్మగారు గోడ మీదుగా చూశారు.

‘పాడేస్తున్నారేంటండీ, కొత్తదానిలా ఉంది కదండీ! మా మనవడికివ్వండీ, స్కూటరు మీద పెట్టుకుంటాడు. పట్టీలు నేను కుట్టించుకుంటాను.’

‘వద్దండీ, అది పనికిరాదు’ అన్నాను.

‘పనికిరాకపోవడమేంటండీ, పైన గీతైనా లేదు. ఇష్టం లేదని చెప్పండీ.’

ఎందుకు పనికిరాదో నోరు తెరిచి చెబితే సరిపోయేది. చెప్పలేకపోయాను. ఆవిడ చెయ్యి గోడ మీదుగా చాపుతూనే ఉంది. ఆ హెల్మెట్ రేపు ఏ పిల్లవాడి తల మీద ఉంటుందోనన్న భయంతో రోటి పక్కనున్న పొత్రం ఎత్తి కొట్టాను. గుమ్మంలో నిలబడి చూస్తున్న పింకీ బావురుమంది. అచ్చమ్మగారి కథ అక్కడినుంచే మొదలవుతుంది. నాది ముందు రోజు సాయంత్రం నుంచి మొదలవుతుంది, అది ఇప్పటిదాకా నీకు రాయలేదు.

బుధవారం సాయంత్రం కుంపటి మీదినుంచి హెల్మెట్ తీశాక లోపల వేలితో నొక్కి చూశాను. గుడ్డ వెనుక ఉండే తెల్లని థర్మోకోల్ లాంటి పొర మెరుస్తూ మెత్తబడి ఉంది. ఒక పక్క చిప్పనుంచి విడిపోయి లోపలికి ముడుచుకుపోయింది. బొటనవేలు ఆనిస్తే గుంట పడింది, ఆ గుంట మళ్లీ పైకి రాలేదు. తల నేలకు తగిలినప్పుడు ఆ దెబ్బను తాను తిని తలను కాపాడేది ఆ పొరే. వేడికి అది కరుగుతుందని ఇంటర్ మొదటి సంవత్సరం పిల్లకు తెలుసు. నేను ఆ పాఠం చెప్పినదాన్ని. పిల్ల తలకు కవచమైనదాన్ని నిప్పుల మీద పెట్టి, వాసన బాగుందని మురిసిపోయాను.

నా తప్పు అంతటితో ఆగితే నీకు ఇంత పొడుగు ఉత్తరం రాయనవసరం లేదు. ప్రసన్నా, ఆ గుంట చూసి కూడా నేను మాట్లాడలేదు. పింకీ దాన్ని నెత్తిన పెట్టుకుని అద్దం ముందు తిరుగుతోంది. ‘మామ్మా, నీ అంత తెలివైనవాళ్లు లేరు’ అంటోంది. ఆ మాటను వెనక్కి తీసుకోనివ్వటం నాకు చేతకాలేదు. ఒక్క సాధనే కదా, గుర్రం నెమ్మదైనది కదా, ఆదివారంలోగా ఏదో ఒకటి చేయవచ్చు కదా అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. గురువారం పొద్దున నా చేతులతో నేనే ఆ పట్టీ బిగించాను. మెహందీ గెంతినప్పుడు ఆ పిల్ల తల నేలకు ఎంత దగ్గరగా వచ్చిందో ఆ మైదానంలో అందరూ చూశారు. ఆ తల మీద ఉన్నది ఖాళీ డొప్ప అని తెలిసినదాన్ని మాత్రం నేనొక్కదాన్నే.

నువ్వు కొనిచ్చిన వస్తువును పాడుచేసినందుకు కాదు నిన్ను క్షమాపణ అడగటం. నువ్వు నమ్మి అప్పగించిన తలను నా పరువు కోసం ఒక పూట పణం పెట్టాను. అందుకు అడుగుతున్నాను.

ఆ సాయంత్రమే పింకీని ఎదురుగా కూర్చోబెట్టుకుని మొత్తం చెప్పాను. అరుస్తుందనుకున్నాను. ‘నిన్ననే చెప్తే ఏమయ్యేది మామ్మా?’ అంది.

‘నా పరువు పోయేది.’

‘నా దగ్గరా?’

‘నీ దగ్గరే.’

ఆ పిల్ల పెదవులు బిగబట్టింది. చివరికి ఆపుకోలేక, ‘అసలు హెల్మెట్‌కి సాంబ్రాణి ఎవరేస్తారు మామ్మా!’ అని నవ్వటం మొదలుపెట్టింది. నవ్వుతూనే ఏడ్చింది. నేనూ అంతే. ‘ఇంకొకటి కొనేదాకా పోటీ లేదు, అంతేగా’ అని తానే కళ్లు తుడుచుకుంది. ఆ పిల్లకు నేను ఎంత రుణపడి ఉన్నానో చెప్పలేను. పెద్దవాళ్లను క్షమించటం పిల్లలకు మనం నేర్పే విద్య కాదు, వాళ్లు ఎక్కడినుంచో తెచ్చుకుంటారు. నీ దగ్గరినుంచే అయి ఉండాలి. నా దగ్గర ఆ సరుకు తక్కువ.

శుక్రవారం రన్‌వేకి వెళ్లి, గురువారం ఉన్నవాళ్లందరి ఎదుటా, ఎందుకు దింపానో చెప్పాను. ఆసిఫ్ తల గోక్కున్నాడు.

‘చెప్పారు, అంతే చాలండి మేడమ్ గారూ. పోటీకి మా మహీన్‌ది ఉందండి. ఇద్దరి తలలూ ఒక కొలతేనండి, బిగించి చూద్దాం రండి. పింకమ్మ వంతు ముందండి, మావాడి వంతు తర్వాతండి.’ కూతుర్ని ‘మావాడు’ అంటాడతను.

మహీన్ హెల్మెట్‌ను రెండు చేతులా వెనక దాచుకుంది. ‘ఇస్తాను గానీ మామ్మగారండీ, మీరు మాత్రం దీన్ని ముట్టుకోకండి. దీనికేమీ శుభ్రం అక్కర్లేదండి’ అంది. నాకు కోపం రాలేదు. వరుసలో ఉన్నవాళ్లందరూ నవ్వుతుంటే ఆ నవ్వులో నా బరువంతా దిగిపోయింది.

ఆదివారం విజయవాడలో పింకీ నూనెలేని తలకు పల్చటి నూలుగుడ్డ కట్టుకుని, పైన మహీన్ హెల్మెట్ పెట్టుకుంది. గుర్రం దూకి దాటవలసిన అడ్డుకర్రలలో ఆఖరిదాన్ని మెహందీ వెనుకకాలితో పడగొట్టింది. బహుమతి రాలేదు. దిగి వచ్చి గుడ్డ విప్పి, హెల్మెట్ లోపల తుడిచి మహీన్ తల మీద తానే పెట్టి బిగించింది. మహీన్‌కు మూడో స్థానం వచ్చింది. ఆ పిల్ల గెలిచినందుకు మన పిల్ల గెంతిన గెంతు నువ్వు చూసి ఉండవలసింది. ఆ మర్నాడే హైదరాబాదు వెళ్లి, పింకీ తలకు సరిపోయేది పెట్టి చూసి, కొత్తది తెచ్చుకున్నాము. దాని జోలికి నేను పోను. దానికి తలంటు అవసరమైతే పింకీయే పోస్తుంది. కుంకుడు రసం దాకా నాది, ఆరబెట్టటం దానిది.

ఇక నీకు చెప్పవలసిన కృతజ్ఞత ఒకటుంది. మీ మామయ్యగారు పోయినప్పుడు నాకు తోడు ఉండాలని చుట్టాలందరూ తలొక సలహా చెప్పారు. ఒక్కరైనా నన్ను చూసి మాట్లాడలేదు, నా వయసును చూసి మాట్లాడారు. నువ్వు ఒక్కదానివే పింకీని నా ముందు నిలబెట్టి, ‘మీకు తోడని కాదత్తయ్యా, పిల్లకు మీరు కావాలి’ అన్నావు. నన్ను చూసుకోవలసిన మనిషిగా కాక, పనికి వచ్చే మనిషిగా చూశావు. ఇప్పుడు కూడా ఊరంతా ఒక మాట అంటుంటే, నమ్మే ముందు నన్ను అడిగావు. ఎంతమంది కోడళ్లు అడుగుతారు? నా జీవితంలో నేను పొందిన గౌరవాలలో నీ ఉత్తరాన్ని పైన పెట్టుకుంటాను.

అందుకే నీ ప్రశ్నకు దాచకుండా జవాబు చెబుతున్నాను. గుర్రం మాన్పించటం లేదు. హాస్టలూ వద్దు. ఆ పిల్లను నా దగ్గర ఉంచవచ్చు. నేను తప్పు చేయననే ధీమాతో కాదు, చేస్తే ఆ పూటే చెప్పాలని నేర్చుకున్నాను గనక. ఇక ఆ కంపులో సగం నా నూనెదైతే, మిగతా సగం మా రైలు ప్రయాణానిది. తడిసిన హెల్మెట్‌కు కావలసింది మందు కాదు, స్వారీ నుంచి దిగిన వెంటనే నీడలో, గాలి ఆడే చోట తగిలించటానికి ఒక కొక్కెం. అది ఏలూరులో ఉంటే లాభం లేదు, తాడేపల్లిగూడెంలో ఉండాలి. పింకీకి ఇంటర్ సీటు గూడెం కాలేజీలో తీసుకోవటానికి నువ్వు కిందటి నెలలోనే ఒప్పుకున్నావు. మిగిలినది నేను చూసుకున్నాను. స్టేషనుకు దగ్గరలో, మెట్లెక్కే పని లేని ఒక చిన్న వాటా అద్దెకు తీసుకున్నాను. ముందు వసారా ఉంది, మంచి గాలి. ఏలూరు ఇల్లు తాళం వేస్తాను. నెలకోసారి వచ్చి దులుపుకుంటాను. ఈ వయసులో ఊరు మారటమేమిటని అచ్చమ్మగారు అడుగుతారు, అడగనీ. సలహా చెప్పటానికి నువ్వు ఫోను చేస్తావని తెలుసు. చెయ్యి, వింటాను, పనులు చేసుకుంటూ వింటాను.

పాలు పొంగించటానికి ఎవరైనా ముత్తయిదువను వెంటబెట్టుకుని రమ్మని ఇంటివాళ్లు మెల్లగా అన్నారు. నిన్న మొదటి పాసింజరుకు ఒక్కదాన్నే వెళ్లి, పొయ్యి కడిగి, కొత్త గిన్నె పెట్టి, నేనే పొంగించి వచ్చాను.

ఇట్లు,
నీ మేలు కోరే, నీకు రుణపడిన
అత్తయ్య
రత్నమాణిక్యం